తలుపు బరువు మోసేదెవరు?

కవిటి దాటి సముద్రం వైపు పోయే దారిలో, కొబ్బరితోటల మధ్య ఓ స్లాబు ఇల్లు. వీధిగుమ్మంలో నిలబడితే చూపు ముందుగదీ వంటగదీ దాటుకుని దొడ్డిగుమ్మం దాకా సూటిగా పోతుంది. ఉద్దానం ఊళ్లలో చాలా ఇళ్ల తీరు అదే. పక్కింటికీ మనింటికీ మధ్య గోడ ఒక్కటే. వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ, గుమ్మాలన్నీ ఒకే వరుస. గాలి ఆ వరుసలోనే వచ్చి ఆ వరుసలోనే పోతుంది. పక్కలకు కిటికీలుండవు కాబట్టి వెలుతురు కూడా ఆ రెండు చివర్ల నుంచే రావాలి.

ఈ ఇంటి ముందుగది పొడవు 24 అడుగులు, వెడల్పు 16. అందులో వీధివైపు మూలని ఇప్పుడు గదిగా విడగొట్టాలి. ఇంటావిడకి రెండు కిడ్నీలూ దెబ్బతిన్నాయి.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఈ ఏడు మండలాల్లో ఆ మాట చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు. ఏళ్ల తరబడి పరీక్షలు చేస్తున్నా కారణం ఇదీ అని తేలని జబ్బు అది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నీళ్లను గొట్టాల్లో ఉద్దానం ఊళ్లకు తెచ్చే పథకాన్నీ ఆ రోజే ప్రారంభించారు. కిడ్నీలు పూర్తిగా పాడైనవాళ్లకు వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రికి పోయి యంత్రం మీద రక్తం శుద్ధి చేయించుకోవడం ఒక దారి. రెండో దారి ఇంట్లోనే. కడుపులోకి అమర్చిన సన్నని గొట్టం ద్వారా రెండు లీటర్ల ద్రవం ఎక్కించుకుని, కొన్ని గంటలు ఉంచి, దింపి, మళ్లీ కొత్తది ఎక్కించుకుంటారు. సీఏపీడీ అంటారు. రోజుకు మూడు నాలుగు మార్లు, మారుకు అరగంట. ఆ అరగంట తలుపులూ కిటికీలూ మూసి ఉండాలి. ఫ్యాను ఆపాలి. చేతులు సబ్బుతో కడుక్కుని మాస్కు కట్టుకోవాలి. గొట్టం కలిపే చోట మురికి తగిలితే కడుపు పొరకు ఇన్ఫెక్షన్ వచ్చి ప్రాణం మీదికి తెస్తుంది.

అందుకని గది. ఉన్న కిటికీని లోపలికి కలుపుకుంటూ 12 అడుగులకు 10. రెండు కొత్త గోడలు, ఒక తలుపు. మిగిలిన ఆరడుగుల వెడల్పు నడవగా ఉండిపోతుంది. ఈ రెండు గోడలు దేంతో కట్టాలన్న దగ్గరే మేనమామకీ మేనల్లుడికీ పడలేదు.

మేనమామ తాపీ మేస్త్రి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సగం వయసు, చెన్నై, హైదరాబాదు సైట్ల మీద మిగతా సగం గడిపినవాడు. మేనల్లుడు పాలిటెక్నిక్‌లో సివిల్ చదివి, విశాఖలో ఆఫీసులకి ఇంటీరియర్ పనులు చేయిస్తున్నాడు. ఇంటావిడ ఒకరికి చెల్లెలు, ఒకరికి తల్లి. ఇద్దరికీ పని తెలుసు, ఇద్దరిదీ ఆవిడ మీది బెంగే. అందుకే ఆ వాదన వినదగ్గది.

“ఇటుకే,” అన్నాడు మేస్త్రి. “నాలుగున్నర గోడ. గచ్చు తవ్వి, అడుగు వెడల్పున కాంక్రీటు ఏసి, దాని మీంచి లేపుతాను. ఇంక దానికేటి, మన తరం దాటి ఉంటాది.”

“గచ్చు తవ్వడమంటే టైల్సు పగలగొట్టడమే కదా మావయ్యా. ఇల్లంతా దుమ్ము. అమ్మ ఆ దుమ్ములోనే పడుకోవాలి. గోడ లేపాక వారం రోజులు నీళ్లు కొట్టాలి. పూత పూసాక అది ఆరాలి. ఆరకముందే రంగేస్తే బూజు. డాక్టరు వచ్చే నెలలో మొదలెడదామన్నారు. తడి గోడల మధ్య కూర్చుని గొట్టం కలుపుకోమంటావా?”

“మరి నువ్వేటి పెడతావు?”

“జీఐ ఛానెళ్లు. నేలకొకటి, స్లాబుకొకటి బిగించి, మధ్యలో రెండేసి అడుగులకు ఒక నిలువు. రెండు వైపులా బోర్డు. అతుకుల మీద టేపు, పైన పుట్టీ. మూడు రోజుల్లో తలుపుతో సహా అయిపోతుంది. నీళ్లు లేవు, తవ్వకం లేదు.”

“అట్టపెట్టె,” అన్నాడు మేస్త్రి, ఒక్క మాటలో.

ఆ ఒక్క మాటని అంత తేలిగ్గా తీసెయ్యడానికి లేదు. ఇటుక గోడ మీద మన ప్రాంతపు నమ్మకం ఊరికే వచ్చింది కాదు. నాలుగున్నర గోడ అంటే ఇటుక వెడల్పే గోడ మందం. పూతతో కలిపి ఆరంగుళాల లోపు. చూడ్డానికి సులువుగా కనిపిస్తుంది గానీ, మేస్త్రి నాణ్యత బయటపడేది దీని దగ్గరే. తొమ్మిదంగుళాల గోడ తన బరువు మీద తను నిలబడుతుంది. ఇది నిలబడదు. మూడు నాలుగు వరసలకోసారి సన్నని ఇనుప కడ్డీలు పడుకోబెట్టాలి, లేదా మూడడుగుల ఎత్తున కాంక్రీటు పట్టీ వెయ్యాలి. ఒక రోజులో నాలుగడుగులు మించి లేపకూడదు. చివరి వరసని స్లాబుకి గట్టిగా బిగించెయ్యకూడదు. స్లాబు బరువుకి రవ్వంత వంగితే ఆ వంపంతా గోడ నెత్తిన పడి పగులుతుంది. కొన్నాళ్లు ఆగి ఆ సందు నింపాలి. తొందర ఉన్న ఇంట్లో ఇవన్నీ పాటించే మేస్త్రులు తక్కువ. ఈ మేస్త్రి పాటిస్తాడు. ఆయన ధైర్యమంతా అదే.

కానీ మేనల్లుడి దగ్గర లెక్క ఉంది. రెండు గోడలూ కలిపి 22 అడుగుల పొడవు, పదడుగుల ఎత్తు. తలుపు సందు తీసేస్తే దాదాపు 200 చదరపు అడుగులు. పూతతో సహా నాలుగున్నర ఇటుక గోడ చదరపు అడుగుకి 23 కిలోల పైచిలుకు తూగుతుంది. మొత్తం నాలుగు టన్నుల పైమాటే. ఛానెళ్ల మీది బోర్డు గోడ అందులో పదోవంతు.

“కిందేముంది మావయ్యా? ఇసుక నింపి, మీద నాలుగంగుళాల కాంక్రీటు, దాని మీద టైల్సు. ఇసుక ఒక పక్క దిగితే గచ్చు చీలుతుంది, గచ్చుతో గోడ, గోడతో తలుపు. తలుపు పట్టేసిందంటే గోడ దిగిందని లెక్క. నువ్వే చెప్పేవాడివి నాకు.”

“అందుకే గదా తవ్వుతానన్నాను. కిందేటుందో సూడకుండా మీద ఏటీ కట్టకూడదు.” ఆ మాట అన్నాక ఆయన కాసేపు ఆగాడు. “మౌలివాక్కం నీకు గేపకముందా?”

2014 జూన్ 28 సాయంత్రం చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలింది. 61 మంది చచ్చిపోయారు. వాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పనికి వెళ్లిన కూలీలు ఎందరో. ఊళ్లకు ఊళ్లు ఏడ్చిన రోజులవి. ఈ జిల్లాల్లో తాపీ పట్టినవాడు ఎవడైనా పునాది మాట ఎత్తితే, ఆ మాట వెనక ఆ చావులుంటాయి. అది చాదస్తం కాదు.

“గుర్తుంది మావయ్యా. అందుకే బరువు తగ్గిద్దామంటున్నాను. తవ్వి బలపరచడం ఒక దారి. అసలు బరువే పెట్టకపోవడం ఇంకో దారి.”

నేల మీద ఆ వాదన ఎటూ తేలలేదు. మేస్త్రి గాలి మీదికి వెళ్లాడు.

“తిత్లీ నాడు నువ్వు విశాపట్నంలో ఉన్నావు. నాను ఈ ఇంట్లోనే ఉన్నాను. ఈదివేపు కిటికీ రెక్క ఊడిపోనాది. గాలి లోపలికొచ్చీసి, ఆ వంటింటి తలుపుని ఎలాగ కొట్టినాదో తెలుసా? తలుపుకేటీ కాలేదు. ఎందుకు కాలేదు? ఇటుక గోడలో ఉంది కాబట్టి. నీ బోర్డుకయితే తలుపు, గుమ్మం, గోడ మూడూ కలిసి పెరట్లో పడును.”

తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి, పనస చెట్లు వేలాదిగా పడ్డాయి. చాలా ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. అంతకుముందు ఫైలిన్, అది వచ్చిన ఏడాదికి హుద్‌హుద్. ఇక్కడివాళ్లు కాలాన్ని తుపాన్లతోనే గుర్తుపెట్టుకుంటారు. మేస్త్రి చెప్పిన సంగతి నిజమైన ప్రమాదమే. కిటికీ ఒకటి పోతే బయటి గాలి ఒత్తిడంతా లోపలి గోడల మీద పడుతుంది. లోపలి గోడకి గాలితో పని లేదనుకోవడం తీరంలో చెల్లదు.

మేనల్లుడు ఈ దెబ్బకి వెనక్కి తగ్గలేదు. “ఛానెల్‌ని స్లాబుకీ నేలకీ యాంకర్ బోల్టులతో బిగిస్తాం, మేకులతో కాదు. రెండడుగుల ఎడాన్ని అడుగున్నరకి తగ్గిద్దాం. జిప్సం బోర్డు మానేద్దాం, సిమెంటు బోర్డు పెడదాం. హైదరాబాదు విసాకా వాళ్లదుంది, ఎన్‌సీఎల్ వాళ్ల బైసన్ ప్యానెలుంది. తడిసినా మెత్తబడవు.”

“ఉప్పుగాలి? నీ రేకు తుప్పట్టదా?”

“జింకు పూత ఉంటుంది. కోసిన అంచుల దగ్గర జింకు పెయింటు వేస్తాం.”

“కింద? రోజూ గచ్చు కడుగుతారు. రోగం మనిసున్న గది, రెండుసార్లు కడుగుతారు. ఆ నీళ్లు నీ బోర్డు కాళ్ల కిందికి పోవా?”

ఇక్కడ మేనల్లుడికి వెంటనే జవాబు రాలేదు. ఆఫీసుల్లో ఎవరూ బకెట్లతో నీళ్లు పోసి గచ్చు కడగరు. విశాఖలో చేసిన పనుల్లో ఈ ప్రశ్న ఎదురవలేదు. మేస్త్రి పట్టింది సరైన పట్టు. నేలని ఆనుకున్న మొదటి ఆరంగుళాలే ఏ తేలిక గోడకైనా చావుబతుకుల చోటు. ఆ ఆరంగుళాలూ కాంక్రీటు దిమ్మెగా వేసి, ఛానెల్ దాని మీద మొదలెట్టాలని చివరికి ఇద్దరూ ఒప్పుకున్నారు. టైల్సు తవ్వనక్కర్లేదు. టైలుని గరుకుగా చెక్కి, అక్కడక్కడ రంధ్రాలు వేసి కడ్డీముక్కలు దించి, వాటి చుట్టూ పోస్తే పట్టుకుంటుంది. ఒకరోజు దుమ్ము తప్పదు. ఆ రోజు ఆవిడని పక్కింట్లో పడుకోబెడతారు.

గోడ సంగతి అంతదాకా వచ్చింది గానీ అసలు తగువు తలుపు దగ్గర.

ఇటుక గోడలో తలుపు ఎలా నిలుస్తుందో మేస్త్రి చెప్పిన తీరు రాసిపెట్టుకోదగ్గది. గోడ లేవకముందే ద్వారబంధాన్ని నిలబెడతారు. కింద రెండు నిలువుల మధ్యా అడ్డబద్ద కొడతారు, వెడల్పు చెదరకుండా. ఏటవాలు కర్రలు ఆనించి నిలుపుతారు. తూకంగుండు వేలాడదీసి రెండు ముఖాలూ చూస్తారు, ఒకటి చూసి ఊరుకోరు. మూల నుంచి మూలకి దారం పట్టి, రెండో మూలల జతకి కూడా అదే దారం పట్టి, రెండూ సమానమైతేనే నలుచదరం అయినట్టు. నిలువుకి మూడేసి హోల్డ్‌ఫాస్ట్‌లు. పట్టీ ఇనుము, ఒక కొస గుమ్మానికి మరలతో, రెండో కొస చేపతోకలా చీలి గోడలోకి. ఆ చోట ఇటుక వదిలేసి చిప్స్ కాంక్రీటు కూరతారు. గోడకి ఆనే వైపు కర్రకి తారు పూస్తారు, చెమ్మకీ చెదలకీ. పైన లింటల్ ఇటూ అటూ ఆరేసి అంగుళాలైనా గోడ మీద కూర్చోవాలి. “ఆరు లేకపోతే లింటల్ ఎయ్యకు, ఇంటికెల్లిపో,” అంటాడు మేస్త్రి.

కర్ర పచ్చిగా ఉంటే ఇవన్నీ చేసినా లాభం లేదు. ఎండేకొద్దీ కుంచించుకుని, గుమ్మానికీ పూతకీ మధ్య సన్నని గీత పడుతుంది. కొత్త ఇళ్లలో తలుపు చుట్టూ పై నుంచి కిందికి కనిపించే పగుళ్లలో ఎక్కువ భాగం అవే. వాటిని పుట్టీతో మూస్తారు. వానాకాలం పోగానే మళ్లీ తెరుచుకుంటాయి.

మేనల్లుడు తన వైపు ఒక పెద్ద సాక్ష్యం తెచ్చాడు. “డాలస్‌లో మా క్లాస్‌మేట్ ఇల్లు కొనుక్కున్నాడు. కట్టేటప్పుడు రోజూ ఫొటోలు పంపేవాడు. బయటి గోడా కర్రే, లోపలి గోడా కర్రే. పదహారేసి అంగుళాలకి ఒక నిలువు. తలుపు దగ్గరికి వచ్చేసరికి ఇటు రెండు, అటు రెండు నిలువులు జోడిస్తారు. ఒకటి నేల నుంచి పైదాకా పోతుంది. దాన్ని ఆనుకుని ఇంకోటి తలుపెత్తు దాకానే ఉంటుంది. ఆ పొట్టిదాని నెత్తి మీద అడ్డదూలం. పైబరువు దూలానికి, దూలం నుంచి పొట్టి నిలువుకి, అక్కణ్ణుంచి నేలకి.”

మేస్త్రి కళ్లు చిన్నవి చేసి విన్నాడు. “అంటే లింటలే గదా. ఆరంగుళాల ఆనకం బదులు పొట్టిగుంజ పెట్టినారు.” కాసేపాగి, “ఆళ్లకి చెదల్లేవేటి?” అన్నాడు.

“ఉన్నాయి. నేలకి ఆనే కర్రకి మందు పట్టిస్తారు.”

“మనకి ఆ మందు కర్ర దొరకదు.”

“అమెరికా దాకా ఎందుకు మావయ్యా. మన తాత ఇంట్లో నడిమి గోడ ఏంటి? తడిక. వెదురు నిలువులు, అడ్డంగా అల్లిన బద్దలు, రెండు పక్కలా మట్టి మెత్తి పేడ అలికేవాళ్లు. నా ఛానెళ్లు ఆ వెదుళ్లే. బోర్డు ఆ మట్టే. కొత్తేముంది ఇందులో? ఇటుక మన ఇళ్లలోకి వచ్చింది తర్వాత.”

ఇది మేనల్లుడు వేసిన బలమైన ఎత్తు. కలింగాంధ్ర పల్లెల్లో చుట్టిళ్లూ తాటాకు ఇళ్లూ ఉన్న కాలమంతా లోపలి అడ్డం తడికే. బరువు మోసే పని దానికి ఉండేది కాదు. చాటు ఇవ్వడమే దాని పని. ఆ లెక్కన తేలిక గోడ పరాయిది కాదు.

మేస్త్రి నవ్వలేదు, కోప్పడలేదు. “బాగా సెప్పినావు,” అన్నాడు. “ఆ తడికకి తలుపెక్కడ ఏలాడదీసేవోలు?”

మేనల్లుడు ఆలోచించాడు.

“తడిక్కి కాదు,” అన్నాడు మేస్త్రి. “గుంజకి. తాటిగుంజో తుమ్మగుంజో, మూరెడు బూవిలో పాతి, పైన దూలానికి కట్టీవోరు. తలుపు బరువు గుంజది. తడిక దాని పక్కన ఊరికే నిల్చునీది. నువ్వు తడిక తెచ్చినావు గానీ గుంజ మర్సిపోనావు.”

ఆ సాయంత్రం జరిగిన మాటల్లో అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే. బోర్డు గోడలు చెడ్డపేరు తెచ్చుకునేది గోడ మధ్యలో కాదు, తలుపు పక్కన. చెక్క తలుపు పాతిక ముప్పై కిలోలు తూగుతుంది. ఆ బరువు మడతబందుల మీద వేలాడుతూ, తెరిచిన ప్రతిసారీ పైబందు దగ్గర గుమ్మాన్ని ముందుకి లాగుతుంది. గాలికి కొట్టుకుంటే ఆ లాగుడు దెబ్బగా మారుతుంది. పలచని రేకు నిలువుకి మరలు బిగించి వదిలేస్తే కొన్ని నెలలకే మరలు వదులై, గుమ్మం ఊగి, తలుపు పైమూల నుంచి బోర్డు అతుకు ఏటవాలుగా చీలుతుంది. ఆ మూల మీదే అతుకు రాకుండా బోర్డుని గుమ్మం చుట్టూ ఎల్ ఆకారంలో కొయ్యమనేది అందుకే. పనివాళ్లు ఆదా కోసం సరిగ్గా అక్కడే అతుకు పెడతారు.

గుంజ అనేసరికి ఇద్దరి మాటా ఒక చోటికి చేరింది. తలుపు సందుకి ఇటూ అటూ రెండంగుళాల చదరపు ఇనుప బాక్సు పైపులు, నేల దిమ్మె నుంచి స్లాబు దాకా. కిందా పైనా పలకలు వెల్డింగు చేసి, పలకకి నాలుగేసి బోల్టులు. రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు, లోపలి వెల్డింగు అంచులతో సహా. తలుపెత్తున వాటి మధ్య ఒక అడ్డ పైపు. కర్ర గుమ్మం ఆ పైపులకే, ఛానెల్‌కి కాదు. ఛానెల్ గోడ పక్కన నిలబడుతుందంతే.

గుమ్మానికి కర్ర కొనక్కర్లేదు. తిత్లీకి పడిన పనసచెట్టు మొద్దుని అప్పుడే కోయించి దొడ్లో పేర్చి ఉంచారు. ఏళ్లు గడిచాయి కాబట్టి బాగా ఎండింది. చెదని బాగానే తట్టుకునే కర్ర పనస. బొబ్బిలి వీణని చెక్కేదీ దీన్నే. మేస్త్రి వెళ్లి ఒక పలకని గోటితో గీరి, కొసని రాయితో తట్టి విన్నాడు. పసుపు రంగు లోపల ముదురు తేనెరంగుకి తిరిగింది. “నాలుగుకి మూడు సెక్క లాగొచ్చు,” అన్నాడు. ఇంకో మాట అనలేదు.

సామగ్రి తేలాక వాడకం గురించి మొదలైంది. ఇక్కడ మేస్త్రి అడిగినవి ఇంటీరియర్ వాళ్లు సాధారణంగా అడగని ప్రశ్నలు. మందు సంచి దేనికి తగిలిస్తారు? మంచం పక్కన ఎత్తుగా ఒక కొక్కెం కావాలి. బోర్డులో ఎక్కడపడితే అక్కడ కొక్కెం నిలవదు, ఆ చోట లోపల ప్లైవుడ్ ముక్క ముందే బిగించాలి. చేతులు కడుక్కునే సింకు? గదిలోనే ఉండాలి, కానీ దాని గొట్టం కొత్త గోడలోంచి పోకూడదు, పాత వీధిగోడ మీంచే పోవాలి. నెల సరకు పెట్టెలు? రోజుకు నాలుగు సంచులంటే నెలకు 120, రెండేసి లీటర్ల లెక్కన 240 లీటర్లు. ఆ పెట్టెలని బోర్డు గోడకి ఆనించి పేర్చితే గోడ పొట్ట ఉబ్బుతుంది. అవి పక్కింటితో కలిసిన పాత గోడ వైపు.

మేనల్లుడు శబ్దం సంగతి ఎత్తాడు. బోర్డుల మధ్య రాక్‌వూల్ కూరితే వీధి రొద, టీవీ మోత వినబడవని, అమ్మ పడుకోవచ్చనీ.

అంతసేపూ మంచం మీంచి వింటున్న ఆవిడ అప్పుడు నోరు తెరిచింది. “గోడలో దూది కుక్కీస్తే నాను పిలిస్తే ఎవులికి వినపడుద్ది నాయినా? ఈదిలో ఎవులొచ్చినారో నాకు తెలవాల. రోజులో అన్నిసార్లు ఆ గదిలోనే కూకోమంటన్నారు గదా.”

రాక్‌వూల్ మాట మళ్లీ రాలేదు. రోగి గది అనగానే నిశ్శబ్దం కావాలని ఆరోగ్యంగా ఉన్నవాళ్లే అనుకుంటారు. రోజుకి రెండు గంటలు తలుపేసుకుని కూర్చోవలసిన మనిషికి ఇంటి చప్పుడే ఆధారం. తలుపు పైన అడుగు ఎత్తున కదలని అద్దం పెడితే, మూసి ఉన్నా వంటగది దీపం కనిపిస్తుందని మేనల్లుడు అన్నాడు. ఆవిడ ఊఁ అంది.

గడప దగ్గర మళ్లీ పేచీ. మేస్త్రికి గడప లేని గుమ్మం గుమ్మం కాదు. నీళ్లాపేది అదే, పురుగూ జెర్రీ లోపలికి రాకుండా చూసేదీ అదే. శుక్రవారం పసుపు రాయాలన్నా, ముగ్గు వెయ్యాలన్నా అదే.

“అది వీధిగుమ్మానికి మావయ్యా. అమ్మకి కాళ్లు వాస్తున్నాయి. రాత్రి లేచి నడిచేటప్పుడు అంగుళం ఎత్తు చాలు తగిలి పడ్డానికి. రేపు చక్రాల కుర్చీ కావాల్సొస్తే?”

చక్రాల కుర్చీ మాటకి మేస్త్రి మొహం మాడ్చుకున్నాడు గానీ కొలత మాత్రం అడిగాడు. మామూలు కుర్చీ వెడల్పు 25, 26 అంగుళాలు. మన ఇళ్లలో బాత్రూమ్ గుమ్మాలు రెండున్నర అడుగులు పెడతారు, బంధం పోను మిగిలేది దాదాపు అంతే. తోసే మనిషి చేతివేళ్లు గుమ్మానికి గీసుకుంటాయి. ఈ తలుపుకి బంధం లోపలి కొలత మూడడుగులు ఉండాలని తేల్చారు. గడప ఉండదు. దాని చోట తలుపు అడుగున రబ్బరు పట్టీ, గచ్చు మీద టెక్కలి నీలి గ్రానైటు పలక, టైల్సుతో సమంగా. ఆ పలకకి పసుపు రాసుకోవచ్చు గదాని ఆవిడే అంది. మేస్త్రి ఒప్పుకున్నట్టు తలూపాడు, మనస్ఫూర్తిగా కాదు.

మేనల్లుడికి ఇంకో ఆశ ఉంది. ఈ గోడ ఎప్పుడు కావాలంటే అప్పుడు ఊడదియ్యొచ్చు. అన్ని ఇళ్లలో అలా కుదరదు. శ్రీకాకుళం దగ్గర పాత్రునివలసలో ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇళ్ల లోపలి గోడలు కూడా కాంక్రీటే. అల్యూమినియం అచ్చులు నిలబెట్టి, గోడలూ స్లాబూ కలిపి పోశారు. తలుపు సందులు వాటిలోనే అచ్చుపడ్డాయి. అంగుళం తేడా రాదు, నిజమే. కానీ ఆ ఇంట్లో మనిషి అవసరం మారితే తలుపు చోటు మారదు. ఆ గోడలే ఇంటిని మోస్తున్నాయి కాబట్టి సుత్తి పెట్టడానికి వీల్లేదు. ఇక్కడ అలా కాదని చెప్పబోయి, ఈ గది అవసరం తీరే రోజంటే ఏమిటో తట్టి, మేనల్లుడు సగంలో ఆపేశాడు. మేస్త్రి వెంటనే మడతబందుల సంగతి ఎత్తాడు.

“నాలుగంగుళాలవి మూడు. రెండు సాలవు. మరి తలుపు లోపలికే తీస్తాం గదా.”

“బయటికి.”

“లోపలి గది తలుపు నడవలోకి తెరుసుకుంటాదేటి? ఎవులైనా అలాగ ఎడతారా?”

“ద్రవం దింపాక బీపీ పడిపోవచ్చని చెప్పారు మావయ్యా. అమ్మ తలుపు వెనకే తూలి పడిందనుకో. లోపలికి తెరిచే తలుపైతే మనం ఎలా తీస్తాం? ఆవిణ్ణే నెట్టాలి తలుపుతో.”

మేస్త్రి లేచి నడవలోకి వెళ్లాడు. అడుగుతో కొలిచాడు. ఆరడుగుల నడవలోకి మూడడుగుల రెక్క తెరుచుకుంటే మిగిలేది మూడు. సగంలో నిలిస్తే దొడ్లోంచి బిందెతో వచ్చేవాళ్లు కొట్టుకుంటారు. పూర్తిగా వెనక్కి మడిచి గోడకి ఆనేలా ఉండాలి. అలా మడవాలంటే బందు పిన్ను గుమ్మం అంచుకి బయటికి రావాలి, గోడకి ఒక ఆపు కొయ్య కావాలి. ఆ కొయ్య వెనకా ప్లైవుడ్ ముక్క పెట్టాలి.

“బందులు ఏ పక్క?” అని అడిగాడు చెల్లెల్ని, అల్లుణ్ణి కాదు.

“ఈదివేపు పెట్టన్నయ్యా. తెరిసినప్పుడు రెక్క ఇటు వొచ్చీయాల. నాకు వంటిల్లూ దొడ్డీ కనపడాల.”

గుమ్మానికి తలుపు కూర్చునే గాడి ఏ ముఖం మీద కొట్టాలన్నది దీని మీదే ఆధారపడుతుంది. గాడి ఒకసారి కొట్టాక రెండో వైపుకి మార్చడం కుదరదు. పనసపలక ఉన్నది ఒక్క గుమ్మానికి సరిపడానే. వడ్రంగి పొద్దున్నే వస్తానన్నాడు. మేస్త్రి బొగ్గుముక్కతో పలక మీద బయటి ముఖానికి ఒక గుర్తు, వీధివైపు నిలువుకి ఇంకో గుర్తు పెట్టి, మూడు బందుల చోట్లూ అడుగు పట్టీతో కొలిచి గీతలు గీశాడు. పైనుంచి ఎనిమిదంగుళాలకి ఒకటి, కిందినుంచి పదికి ఒకటి. మధ్యది సగానికి పెట్టాలా, పైదానికి దగ్గరగా జరపాలా అని ఇద్దరూ మళ్లీ మొదలెట్టారు. లాగుడంతా పైనే కాబట్టి జరపాలని మేనల్లుడు, చూపుకి సమంగా ఉండాలని మేస్త్రి.